కేవ్‌స్టాంప్‌లో సోనిక్స్: చెవులు గింగుర్లెత్తినా సరే, వెళ్లాల్సిందే

పాత బ్యాండ్ మళ్లీ కలిసిందంటే నాకు పెద్దగా నమ్మకం ఉండదు. అసలువాడు ఒకడుంటాడు, మిగతా నలుగురూ ఎక్కణ్నుంచో పట్టుకొచ్చినవాళ్లు, టికెట్ రేటు మాత్రం మండిపోతుంటుంది. 2007 నవంబరులో న్యూయార్క్‌లో జరిగిన కేవ్‌స్టాంప్ అనే గరాజ్ రాక్ (మొరటుగా, నునుపు లేకుండా వాయించే రాక్) పండుగకి 1960ల నాటి అమెరికన్ బ్యాండ్ సోనిక్స్ వస్తున్నారన్నప్పుడూ అదే అనుమానం, ఎందుకంటే ఐదుగురిలో ముగ్గురే: పాట, కీబోర్డు జెరీ రోస్లీ, గిటార్ లారీ పరైపా, శాక్సఫోన్ రాబ్ లిండ్. డ్రమ్స్, బేస్ కొత్తవాళ్లు. పైగా లిండ్ ఇన్నేళ్లూ విమానాలు నడిపిన మనిషి, రోస్లీది రోడ్లకి తారు వేసే వ్యాపారం. 1972లో సియాటిల్‌లో ఒకసారి కలిసి వాయించాక మళ్లీ ఇదే.

మొదటి పాటకే నా అనుమానం ఎగిరిపోయింది. రోస్లీ కీబోర్డు ముందు కుదురుగా కూర్చుని, బ్యాంకులో ఫారం నింపుతున్నవాడిలా తల వంచుకునే, ఉన్నట్టుండి ఒక కేక పెట్టాడు చూడండి, ముందు వరసలో ఉన్న ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. 1964లో వాళ్ల ఊరు, సియాటిల్ దగ్గరి టకోమా నుంచి వచ్చిన ‘ది విచ్’ పాట మొదలవగానే గిటారూ శాక్సూ కలిసి ఆ లోతు రిఫ్ (పదే పదే వచ్చే చిన్న స్వరాల వరస) వాయిస్తుంటే కాళ్ల కింద చెక్క అదిరింది. ఎక్కడా నునుపు చెయ్యలేదు, మెత్తబరచలేదు, అదే నాకు నచ్చింది. కొత్త డ్రమ్మర్ కూడా ‘నేనూ ఉన్నాను’ అని చూపించుకోకుండా, మొరటుగా, గట్టిగా, తిన్నగా బాదాడు. అసలు సభ్యులు ఎందరున్నారని లెక్కపెట్టేవాళ్లు ఈ సంగతి గమనించరు, డ్రమ్మర్ తేలిపోతే ముగ్గురు కాదు ఐదుగురు అసలువాళ్లున్నా గరాజ్ రాక్ పండదు.

కేవ్‌స్టాంప్‌కి ఇలాంటివి కొత్త కాదు. జర్మనీలో అమెరికా సైనికులుగా పనిచేసి, ఆ తర్వాత అక్కడే నడినెత్తి గొరిగించుకుని వాయించిన మాంక్స్ బ్యాండ్‌ని 1999లో న్యూయార్క్‌లో మళ్లీ స్టేజీ ఎక్కించింది కూడా వీళ్లే.

హాలు గురించీ చెప్పాలి. న్యూయార్క్‌లో బ్రూక్లిన్‌లోని గ్రీన్‌పాయింట్ పేటలో ఉన్న వార్సా, అంటే పోలిష్ వాళ్ల సంఘ భవనం. లోపలే పియరోగీలు అమ్ముతారు. కజ్జికాయ ఆకారం, లోపల ఆలుగడ్డ ముద్ద, పైన వేయించిన ఉల్లిపాయలు. శాకాహారులకి ఇంతకన్నా మంచి రాక్ కచేరీ తిండి నేనైతే చూడలేదు. అయితే త్వరగా తినేయండి, తర్వాత క్యూ పెరిగిపోతుంది.

అంతకుముందు వాయించిన ఒక కుర్ర బ్యాండ్ మాత్రం విసిగించింది. బట్టలూ జుట్టూ అచ్చం 1966, పాటలు మాత్రం అన్నీ ఒకటే. వాళ్ల టైములో సగం సోనిక్స్‌కి ఇచ్చుంటే బాగుండేది.

ఇయర్‌ప్లగ్స్ తప్పకుండా తీసుకెళ్లండి. జి సబ్‌వే ట్రైన్‌లో నాసా అవెన్యూ స్టేషన్ దగ్గర దిగితే నాలుగడుగులే. స్టేజీకి మరీ ముందు నిలబడితే గిటార్ ఒక్కటే వినిపిస్తుంది, హాలు మధ్యకి వచ్చేస్తే శాక్స్ కూడా బాగా తెలుస్తుంది.