వాలంటీర్ల గంటల లెక్కకు సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

చిన్న ట్రస్టులు, సొసైటీలు నడిపే మిత్రులకు. మాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదని రాస్తున్నాను.

నల్గొండ చుట్టుపక్కల మూడు ఊళ్లలో సర్కారు బడి పిల్లలకు సాయంత్రం ట్యూషన్ చెప్పే చిన్న ట్రస్టు మాది. జీతం తీసుకునే మనిషి ఒక్కరే. మిగతా పనంతా నలభై మంది వాలంటీర్లు చేస్తారు. అందులో డిగ్రీ పిల్లలు కొందరిని వాళ్ల కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసరే మా దగ్గరికి పంపారు. వాళ్లకు ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240 గంటలు లెక్క తేలాలి. ఆదివారాలు హైదరాబాద్ నుంచి వచ్చే ఉద్యోగులు ఇంకొందరు. వాళ్ల కంపెనీ తన ఉద్యోగులు సేవ చేసిన గంటలను బట్టి మాకు విరాళం ఇస్తుంది. కాబట్టి మాకు గంట అంటే ఒకరి సర్టిఫికెట్, ఇంకొకచోట పిల్లల పుస్తకాల డబ్బు.

రిజిస్టర్‌తో నెట్టుకొస్తున్న రోజుల్లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఒక ఫోన్ యాప్ డెమో ఇచ్చారు. వాలంటీరు రాగానే అందులో చెక్ ఇన్, వెళ్లేటప్పుడు చెక్ ఔట్ నొక్కితే గంటలు అదే లెక్కకడుతుంది. ఏడాదికి 12,000, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 14,160. మాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కనుక ఆ 2,160 తిరిగొచ్చేది కాదు. అయినా సరే, పని తేలికవుతుందని కట్టాం. ఆ డెమో హైదరాబాద్‌లో, మంచి వైఫై ఉన్న గదిలో చూశాం. మేం చేసిన మొదటి తప్పు అదే.

మా ఊళ్లలో బడి వరండాలో సిగ్నల్ అందదు. వచ్చినవాళ్లు ఫోన్ పైకెత్తి గేటు దాకా నడిస్తే గానీ చెక్ ఇన్ పడేది కాదు. వెళ్లేటప్పుడు చెక్ ఔట్ పడకపోతే గడియారం అలా తిరుగుతూనే ఉంటుంది. ఒక అమ్మాయికి శుక్రవారం సాయంత్రం ఆరింటికి మొదలై శనివారం రాత్రి దాకా 26 గంటల 40 నిమిషాలు పడింది. సరిచేద్దామని తెరిస్తే నాకు ఒళ్లు జలదరించింది. అంతసేపూ ఆ పిల్ల ఎక్కడెక్కడ తిరిగిందో మ్యాప్ మీద నీలం గీత గీసి ఉంది. హాస్టల్, బస్టాండు, వాళ్ల ఇల్లు, అన్నీ. మనల్ని నమ్మి పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చిన ఆడపిల్ల ఆచూకీ మన చేతిలో ఎందుకుండాలి? డెమోలో ఈ మాటే ఎత్తలేదు.

తప్పు గంటలు దిద్దితే పాత అంకె మాయమవుతుంది. ఎవరు దిద్దారో, ఎందుకు దిద్దారో ఎక్కడా ఉండదు. అందుకే ఉద్యోగుల కంపెనీ మా రిపోర్టును వెనక్కి పంపింది. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

మానేద్దాం అనుకునేలోపే రెండో ఏడాది డబ్బు పోయింది. 15,000 లోపు ఆటో డెబిట్‌కు ఓటీపీ అడగరు. ఒక రోజు ముందు మెసేజ్ వస్తుంది, అంతే. అది మా పాత కోశాధికారి నంబరుకు వెళ్లింది. వాపసు అడిగితే ఒప్పందంలో లేదన్నారు. సరే, మా డేటా అయినా ఇవ్వండంటే మీ ప్లాన్‌లో పీడీఎఫ్ మాత్రమే వస్తుంది, ఎక్సెల్ కావాలంటే పై ప్లాన్ కొనండి అన్నారు. మా వాలంటీర్ల గంటలను మాకే అమ్ముతామన్నారు! ఆ పీడీఎఫ్‌లో కూడా తప్పు లెక్కలే.

"మేం చేసిన గంటలు పోయినట్టేనా సార్?" అని ఫైనలియర్ పిల్లలు అడిగితే నాకు నోట మాట రాలేదు. చివరికి దారి చూపించింది మా ట్యూషన్ పిల్లల నోటుపుస్తకాలు. ప్రతి పేజీలో కుడివైపు పైన తేదీ, కింద ఎర్ర పెన్నుతో దిద్దిన అక్క పొడి సంతకం. మూడు ఊళ్ల నోటుపుస్తకాలు తెప్పించి, నాలుగు ఆదివారాలు కూర్చుని, సంతకం వెంట సంతకం పట్టుకుని లెక్క కట్టాం. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల గంటలు చాలావరకు తేలాయి. ఉద్యోగులవి తేలలేదు, ఆ విరాళం రాలేదు.

ఎవరైనా ఇలాంటిది అమ్మజూపితే ముందు మీ ఊళ్లో, మీ వాలంటీరు మామూలు ఫోన్‌లో రెండు వారాలు నడిపి చూడండి. ఆ రెండు వారాల లెక్క ఎక్సెల్‌లో దింపి చేతికిమ్మనండి. ఇవ్వకపోతే అక్కడితో ఆపేయండి. చెక్ ఔట్ అయ్యాక, మర్చిపోయినా సరే, లొకేషన్ తీసుకోబోమని రాతపూర్వకంగా ఇమ్మనండి. కార్డు నంబరు మాత్రం ఇవ్వకండి, బిల్లు తీసుకుని బ్యాంకు ద్వారా పంపండి.

మేం మళ్లీ రిజిస్టర్‌కే వచ్చాం. వచ్చిన టైము, వెళ్లిన టైము, సంతకం. ఆదివారం రాత్రి ఒకరు దాన్ని షీట్‌లోకి ఎక్కిస్తారు, ఇంకొకరు సరిచూస్తారు. ఆ అమ్మాయి మ్యాప్ తీసేయమని సాఫ్ట్‌వేర్ కంపెనీకి మూడు మెయిళ్లు పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.