కుక్క కరిస్తే మా సర్కారు దవాఖానకే పోండి, కాకపోతే పొద్దున్నే

దేవరకొండ వైపు మాదొక చిన్న టౌన్. ఇక్కడి 30 పడకల సర్కారు దవాఖాన పేరెత్తితే ఎవరైనా పెదవి విరుస్తారు, మొన్న వీధికుక్క మా చిన్నోడి పిక్క పట్టేదాకా నేనూ అంతే.

పక్కింటి పెద్దమ్మ గాయానికి కారం అద్దమంది, మా అమ్మేమో బొడ్డు చుట్టూ 14 సూదులంటూ ఏడుపు మొదలుపెట్టింది. నేను వాడి కాలు నల్లా కింద పెట్టి 15 నిమిషాలు సబ్బుతో కడిగి బండెక్కించాను. ఓపీ చిట్టీ వెంటనే దొరికింది. డాక్టరమ్మ అడిగిన మొదటి మాట “కడిగారా?” అని. కడిగామంటే మంచి పని చేశారు, కట్టు కట్టకండి అంది.

రేబిస్ టీకా సూది దగ్గరే ఆలస్యం. ఒక సీసా తెరిస్తే కొందరికి వస్తుందట, తెరిచాక కొన్ని గంటల్లో వాడేయాలట, అందుకని సిస్టర్ ఇంకొకరు వచ్చేదాకా ఆగమంది. సీసా ఖరీదు వాళ్ల బాధ, పిల్లగాడు నా బాధ, ఆ ముప్పావుగంట నాకు ఒకటే టెన్షన్. జనం ఎక్కువుండే పొద్దున్నే పోండి అనేది అందుకే. చివరికి మేకలు కాసే ఒక ముసలాయన చేతికి తువ్వాల చుట్టుకుని వచ్చాకే మూత తీశారు. రెండు భుజాలకు చర్మంలోకే సన్న సూది, దోమ కుట్టినట్టు చిన్న బుడగ లేచింది, అంతే. బొడ్డు సూదులు ఎప్పుడో పోయాయి. మళ్లీ 3, 7, 28 రోజులకు రమ్మని కార్డు మీద తేదీలు రాశారు. పైసా అడగలేదు.

మా అమ్మ బీపీ, షుగర్ గోళీలు కూడా ఇక్కడివే. బాత్రూమ్‌లో నీళ్ల సంగతి అడగకండి.

కోపం వచ్చింది ఒక్కదానికే. రక్తం కారిన గాయమైతే దాని చుట్టూ, టీకా పనిచేయడం మొదలయ్యేదాకా రేబిస్‌ను ఆపే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా ఎక్కించాలి, అది ఇక్కడ లేదు, నల్గొండ పెద్దాసుపత్రికి రాసిచ్చారు. ఇంత దవాఖాన ఫ్రిజ్‌లో నాలుగు సీసాలకు చోటు లేదా? నాకు బండి ఉంది, పోయి వేయించాను. ముసలాయనకూ అదే చీటీ ఇస్తే మడిచి జేబులో పెట్టుకుని, “మేకలనెవరు చూస్తరు బిడ్డా” అన్నాడు.

మూడో రోజు సూదికి మేము పోయినప్పుడు మధ్యాహ్నం దాకా ఉన్నాం, ఆయన రాలేదు.