అక్షరం ముందా, పదం ముందా? పర్లాకిమిడి పిల్లలకి ఏది మేలు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో, మా వీధి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. సాయంత్రం మా అరుగు మీద పలక పట్టేసరికి రెండో మూడో తరగతిలో ఉంటారు. ఒడియా చదవడం కొంత వచ్చు, తెలుగులో ఒక్క అక్షరమూ రాదు. అ ఆల నుంచి దిద్దిస్తారా, పదాలతో మొదలుపెడతారా అని తల్లులు అడుగుతుంటారు.

వర్ణమాలకి ఒక గొప్ప బలం ఉంది. మన అక్షరం పేరే దాని ధ్వని. క, మ, ల వచ్చిన పిల్ల ‘కమల’ని ఎవరూ చెప్పకుండానే చదివేస్తుంది. ఇంగ్లీషులో సి, ఎ, టి అని ఎంత కూడబలుక్కున్నా ‘క్యాట్’ రాదు. కానీ యాభై పైచిలుకు అక్షరాలూ పూర్తయ్యేదాకా చదవడానికి ఒక్క మాటా ఇవ్వకపోతే వాళ్ళకి మిగిలేది వల్లింపే. ఒకమ్మాయి క నుంచి క్ష దాకా గడగడా చెప్పింది. మధ్యలో ‘ద’ మీద వేలు పెట్టి ఇదేమిటమ్మా అంటే, మళ్ళీ క దగ్గర అందుకుని అక్కడిదాకా వచ్చింది.

పదంతో మొదలుపెడితే తొలిరోజే ‘తల, వల, అల’ చదివేస్తారు. ఆ వెలుగు ముఖంలో కనబడుతుంది. దీని ముప్పంతా బొమ్మతోనే. ‘పలక’ పక్కన బొమ్మ చూసి ఒక పిల్లాడు ‘స్లేటు’ అని చదివాడు. అందుకే బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి, ప చెరిపి అ రాయిస్తాను. పలక అలక అవుతుంది. ఈ చెరిపి రాయడం లేకపోతే పద పద్ధతి కంటితో చేసే కంఠపాఠమే.

మా దగ్గర అసలు చిక్కు ఒడియా వల్ల. అక్కడ ఎ, ఏలకి ఒకటే అక్షరం, ఒ, ఓలకీ అంతే. ఇ, ఈ వేరువేరుగా రాస్తారు గాని పలుకులో పొడవు తేడా ఉండదు. అక్కడి ‘క’లోని అచ్చు మన చెవికి ‘కొ’లా వినిపిస్తుంది. ‘మెడ, మేడ’ నోటితో చెప్పేటప్పుడు మా పిల్లలు ఎప్పుడూ తప్పరు, పలక మీద చూసేసరికి తప్పుతారు. వర్ణమాల ఎన్నిసార్లు దిద్దినా ఇది కుదరలేదు. ‘కొన, కోన’, ‘మెడ, మేడ’ జంటలుగా చదివిస్తే వారంలో కుదిరింది. ఇంట్లో పలికే మాట కాబట్టి చెవే దిద్దుతుంది. గిడుగు రామమూర్తి గారు (1863–1940) ఈ ఊళ్ళోనే పంతులుగా ఉండి, సవర అనే గిరిజన భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు, బడులు పెట్టారు. పిల్లల నోట్లో ఉన్న మాటతో చదువు మొదలవ్వాలని నాకు నమ్మకం కుదిరింది ఆయన వల్లనే.

వత్తుల దగ్గర మాత్రం పదం చాలదు. ‘రాత్రి’లో గుడి త మీద, ర వత్తు కింద. నోట్లో ఇ చివర వస్తుంది. పిల్లలు ‘రాతిర’ అంటారు. త్, ర్, ఇ అని మూడు వేళ్ళు మడిచి ధ్వనులు విడదీయాల్సిందే. ఒడియాలో ర-ఫళా (అంటే ర వత్తు) వచ్చినవాళ్ళు దీన్ని చప్పున పట్టేస్తారు, అక్కడా ర కిందికే దిగుతుంది.

కాబట్టి నేనైతే పదంతో మొదలుపెట్టి, గుణింతం కూడా వాటిలోంచే తీస్తాను. ఉకారపు కొమ్ము నేర్పే రోజు, మా ఊళ్ళో పశువుల కొమ్ముతో చేసే బొమ్మ ఒకటి చేతికిస్తాను. వర్ణమాల పటం మూడో నెలలో గోడకెక్కుతుంది. అప్పటికి తమకి తెలిసిన అక్షరాలని పిల్లలే వెతికి సున్నాలు చుడతారు, మిగిలినవేమిటని వాళ్ళే అడుగుతారు.