మెదక్ చర్చి: ఫోటోల కోసం కాదు, ప్రార్థన రాక వెళ్ళినోడి రివ్యూ

అందరికీ వందనాలు. ఈ చర్చి గురించి ఎవర్ని అడిగినా ఫోటోలు మస్తు వస్తాయి అంటారు, నిజమే, కానీ నేను పోయింది దానికి కాదు. ఏడెనిమిది నెలలుగా నాకు ప్రార్థన రావట్లేదు. మోకాళ్ళేస్తా, నోటికి అలవాటైన నాలుగు మాటలు అంటా, నిద్రొచ్చేస్తది. ఆదివారం క్వయర్‌లో పాడతా కూడా, లోపల మాత్రం ఖాళీ బిందె. మా పాస్టర్ గారు ఉపవాసం ఉండమన్నారు, ఉన్నా, ఆకలేసింది అంతే.

ఒక మంగళవారం లీవ్ పెట్టి సికింద్రాబాద్‌లో బస్సెక్కా, దాదాపు 100 కిలోమీటర్లు. లోపల పెద్ద పెద్ద రాతి స్తంభాలు, చల్లగా ఉంది, జనం పెద్దగా లేరు. యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం, ఈ మూడూ రంగుటద్దాల కిటికీల్లో ఉంటాయి, కానీ ఆ రోజు మబ్బు పట్టి అన్నీ మసగ్గా కనిపించాయి. ఇంత దూరం వచ్చి ఇదేంటి అనుకుంటుంటే పక్క బెంచీలో పెద్దాయన, పొద్దుగూకితే ఈ మాత్రం గూడ కనవడది బిడ్డా, నల్లగైతది, పొద్దుగాల వచ్చి చూడు బొమ్మ ఆడనే ఉంటది అన్నాడు. ఆయన మామూలుగా అన్నాడు, నాకే ఎక్కడో తగిలింది.

ఇంకోటి, ఈ చర్చి కట్టింది కరువు రోజుల్లో. జనానికి ఇంత పని, తిండి దొరకాలని బ్రిటిష్ మిషనరీ పోస్నెట్ దొర ఈ పని పెట్టించారు, 1914లో మొదలైతే 1924 క్రిస్మస్ రోజు ప్రతిష్ట అయింది. పదేళ్ళు! ఆ తట్టలు మోసినోళ్ళకి రోజూ భక్తి పొంగిందా ఏంటి, కడుపు కోసం మోసుంటారు, అయినా మందిరం లేచింది కదా అనిపించింది.

రెండు గంటలు కూర్చున్నా, ఎండిన నేలలో దావీదు దాహం గురించిన 63వ కీర్తన చదివా. కన్నీళ్ళు లేవు, ఒళ్ళు జలదరించడాలు లేవు. ప్రభువా నాకేం అనిపించట్లేదు అని మాత్రం గట్టిగానే చెప్పేశా, నెలల తర్వాత నేను చేసిన నటన లేని ప్రార్థన అదొక్కటే.

పోయేవాళ్ళు వారం మధ్యలో పోండి, క్రిస్మస్ టైంలో అయితే రద్దీ మామూలుగా ఉండదు. నేను వచ్చే నెల అమ్మని తీసుకెళ్తున్నా, ఈసారి ఎండ బాగా కాసే రోజు చూసుకుని.