పాత చర్చి గోడకు ఎన్‌హెచ్‌ఎల్ 3.5 సున్నం: ఎంతవరకు గిట్టుబాటు?

విశాఖ పాతబస్తీలో పాత చర్చి భవనాన్ని హాలుగానో లైబ్రరీగానో మార్చేవాళ్లకు ముందుగా తలనొప్పి తెచ్చేది నేల నుంచి మూడు నాలుగడుగుల దాకా పెచ్చులూడే గోడ. సముద్రపు గాలి వల్లే అంటారు. అది సగం నిజం. గానుగ సున్నంతో కట్టిన ఆ లావుపాటి ఇటుక గోడల కింద చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని నీరు పైకి పాకి, గోడ మొహం నుంచి ఆవిరైపోవాలి. మధ్యలో ఎవరో సిమెంట్ పూసి ఆ దారి మూసేస్తారు. ఉప్పు లోపలే పేరుకుని ఇటుకను గుల్ల చేస్తుంది. గోరుతో గీకితే ఎర్రపొడి రాలుతుంది.

అక్కడ ఎన్‌హెచ్‌ఎల్ (నేచురల్ హైడ్రాలిక్ లైమ్) అనే ఈ సంచి సున్నం బాగా పనిచేస్తుంది. నీటితోనూ గట్టిపడుతుంది, చెమ్మనూ పోనిస్తుంది. 3.5 అంటే 28 రోజులకు రావాల్సిన కనీస బలం, మెగాపాస్కల్స్‌లో. ఎన్‌హెచ్‌ఎల్ 5 జోలికి పోవద్దు, మెత్తటి పాత ఇటుకకు అది మరీ గట్టి. వెల్ల వేయడానికి అమ్మే హైడ్రేటెడ్ లైమ్ వేరే సరుకు. పేర్లు దగ్గరగా ఉండటంతో షాపులోనే పొరపాటు జరుగుతుంది.

సిమెంట్‌ను ఉలి, సుత్తితోనే తీయించాలి. బ్రేకర్ పెడితే ఇటుక మొహం కూడా ఊడొస్తుంది. సందులు అంగుళం లోతు గీకి, ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. పూతకు ముందు గోడ తడపాలి, నీళ్లు కారేంతగా కాదు. కొలత డబ్బాతో ఒక పాలు సున్నం, రెండున్నర పాళ్లు జల్లించిన ఏటి ఇసుక. పారలతో లెక్కేస్తే ప్రతి గమేళాకీ పాళ్లు మారిపోతాయి. పూత 10 మి.మీ. మందం. 25 కిలోల సంచి దాదాపు 8 చదరపు మీటర్లకు వస్తుంది, ఎగుడుదిగుడు గోడైతే ఇంకా తక్కువ. త్వరగా పట్టాలని మేస్త్రీ గుప్పెడు సిమెంట్ కలిపాడా, పెట్టిన డబ్బంతా బూడిదపాలే.

వారం పాటు తడి గోనెపట్టాలు కప్పాలి. సముద్రం వైపు గోడ పొద్దుటి ఎండకు, గాలికి ఇట్టే ఆరిపోయి సన్నటి పగుళ్లు వల అల్లుకుంటాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పని సుఖం. పైన సున్నపు వెల్లే వేయాలి, ఎమల్షన్ వేస్తే కథ మళ్లీ మొదటికి.

ఏసీ కోసం పైనున్న వెంటిలేటర్లు మూసేస్తే ఏ సున్నమూ కాపాడలేదు. అల్మారాలు కూడా గోడకు ఆనించకూడదు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 1294 నాటి డొమినికన్ చర్చిని 2006లో పుస్తకాల షాపు చేసినప్పుడు, అంతస్తులున్న ఉక్కు అల్మారాను దానంతటది నిలబడేలా కట్టారు.

ధర సిమెంట్‌తో పోలిస్తే చాలా ఎక్కువ. కాబట్టి చెమ్మ పట్టే కింది అయిదడుగులకే వాడండి. ఆపైన పొడిగా ఉండే లోపలి గోడకు మామూలు సున్నంలో సుర్కీ (ఇటుక పొడి) కలిపితే చాలు.