ఎజైల్ అన్నారని వాయిదాలు కట్టేయకండి: డీలర్లకు, మిల్లర్లకు ఒక జాగ్రత్త

మాది భీమవరంలో రొయ్యల మేత, మందుల డీలర్‌షిప్. ఆకివీడు, నరసాపురం, అమలాపురంలో బ్రాంచిలున్నాయి. నాలుగు చోట్లా నాలుగు లెక్కలతో పడలేక, అన్నీ ఒకేచోట కనపడే పెద్ద సాఫ్ట్‌వేర్ కోసం ఒక కంపెనీతో మాట్లాడుకున్నాం. ఏప్రిల్ 1న మొదలవ్వాలి. జూలై వచ్చింది, పాతదీ కొత్తదీ రెండూ నడుపుతున్నాం. ఎనిమిది వాయిదాల్లో ఆరు మాత్రం కట్టేశాం. మన వైపు ఈ మధ్య చాలామంది ఈ పనిలోకి దిగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

‘మాది ఎజైల్ పద్ధతండి’ అన్నారు మొదటి రోజే. అంతా తయారుచేసి ఒకేసారి చూపించకుండా, రెండు వారాలకో ముక్క చేసి చూపిస్తారు, మనం చెప్పిన మార్పులు చేస్తారు. ఆ రెండు వారాలనే స్ప్రింట్ అంటారు. పద్ధతి మంచిదే, దాన్ని తప్పు పట్టను. డెమో అవ్వగానే వాయిదా కట్టాలన్న షరతుకు ఒప్పుకున్నాం చూశారూ, అక్కడ దెబ్బ తిన్నాం.

డెమోలు పెళ్లిచూపుల్లా ఉండేవి. స్క్రీన్ మీద పదిమంది రైతులు, ఒక్కొక్కరికి ఒక్కో చెరువు, బాకీలన్నీ గుండ్రటి అంకెలు. మన పుస్తకాలు అలా ఉంటాయా? ఒకే రైతుకి సొంత చెరువుకో ఖాతా, గణపవరంలో లీజు చెరువుకి తండ్రి పేరు మీద ఇంకో ఖాతా. రొయ్యల పట్టుబడి అయ్యాక తీరుస్తానని అరువు. మా లెక్కలు ఎక్కించి చూపించండయ్యా అంటే, ‘డేటా మైగ్రేషన్ చివరి రెండు స్ప్రింట్లలో ఉందండి’ అన్నారు. పోనీ ఏమేం ఎక్కిస్తారో రాసివ్వమంటే ‘ఎజైల్‌లో కాగితాలుండవండి’ అన్నారు.

మార్చి నెలాఖరున ఎక్కించారు. మా పాత సాఫ్ట్‌వేర్‌లో ఫోన్ నంబరు కొట్టకపోతే ఖాతా తెరుచుకోదు. నంబరు ఇవ్వని రైతులకు మా కుర్రాళ్లు ఏళ్ల తరబడి షాపు నంబరే కొట్టేశారు. కొత్తదేమో నంబరు ఒకటైతే మనిషీ ఒకడే అనుకుని 43 ఖాతాలను ఒక్కదాంట్లో కలిపేసింది. నరసాపురం కౌంటర్‌కి మొగల్తూరు రైతొకాయన పది బస్తాల మేతకి వచ్చాడు. బిల్లు కింద పాత బాకీ పదకొండు లక్షల చిల్లర. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, ‘ఏవండీ, నేనివ్వాల్సింది ఎనభై వేలు కదండి, మిగతాది ఎవరిదండి?’ అన్నాడు. మా గుమస్తా నోట మాట లేదు. మిగతా 42 మంది ఖాతాల్లో బాకీ సున్నా. వాళ్లెవరూ వచ్చి అడగలేదు లెండి.

తేదీలూ తిరగబడ్డాయి. 05-06 అని ఉన్న జూన్ 5 బిల్లు మే 6 అయిపోయి నెల వడ్డీ అదనంగా పడింది. పాత తెలుగు ఫాంటు ‘అను’లో కొట్టిన ఊళ్ల పేర్లను, ఇప్పుడు అన్నిచోట్లా వాడే యూనికోడ్‌లోకి మార్చకుండానే ఎక్కించేసరికి పిచ్చి గీతలొచ్చాయి. అడిగితే ‘మీ డేటా శుభ్రంగా లేదండి’ అన్నారు. లేదు, నిజమే. మొదటి స్ప్రింట్‌లో ఒక్క బ్రాంచి లెక్కలు ఎక్కించి చూసుంటే ఆ ముక్క డిసెంబరులోనే తెలిసేది.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా మేనల్లుడు విని నవ్వాడు. ‘మావయ్యా, 2001లో 17 మంది అమెరికాలో కూర్చుని ఎజైల్ ప్రకటన రాశారు. కాగితాల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కువ విలువ అన్నారు గానీ, కాగితాలకి విలువే లేదనలేదు. ఎజైల్‌లోనే ఒక రకమైన స్క్రమ్ పద్ధతిలో అయితే పని పూర్తయిందని ఎప్పుడు అనాలో ముందే తేల్చుకోవాలి’ అన్నాడు. మా ఒప్పందంలో అదే లేదు. తప్పు నాది కూడా ఉంది. డెమోలకు నేను వెళ్లకుండా గుమస్తాను పంపేవాణ్ని. ఆయన సరే అనగలడు, కాదనే అధికారం ఆయనకు నేనివ్వలేదు.

మీరు కొనేటట్లయితే డెమోకి డబ్బు కట్టొద్దు. మీ సొంత లెక్కలు ఎక్కించాక ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టీ), రైతు వారీ బాకీలు, గోడౌన్ స్టాక్ పాతవాటితో పైసలతో సహా తేలితేనే వాయిదా అని రాయించుకోండి. అసలు మార్పు రోజుకు ముందు కనీసం రెండుసార్లు మొత్తం ఎక్కించి చూడాలి. ఆ రోజు పట్టుబడుల సీజన్‌లో పడకూడదు. ఇంకో సంగతి, పాత సర్వర్ తీసేయమని మమ్మల్ని తొందర పెట్టారు. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి, మా ఆడిటర్ గారు ఆపబట్టి సరిపోయింది.

కంపెనీ పేరు అడగకండి, గొడవ ఇంకా తేలలేదు. 43లో 31 ఖాతాలు విడదీశాం. మిగతా పన్నెండు మంది కోసం కుర్రాడు పాత చిట్టాలు పట్టుకుని బండి మీద ఊళ్లు తిరుగుతున్నాడు.