తిరుపతిలో నీళ్ల కోసం పరుగు: రూటు సూపర్, బాత్రూములే దారుణం

పల్లెల్లో తాగునీళ్లకీ, సర్కారు బడుల్లో బాత్రూములకీ డబ్బు పోగు చెయ్యడానికి మన తిరుపతిలో పెట్టిన పరుగుకి వెళ్లొచ్చాను, పది కిలోమీటర్ల దాంట్లో. వచ్చేసారి పేరిద్దామా వద్దా అని ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు కాబట్టి ఇది రాస్తున్నా. నిర్వాహకుల పేరు మాత్రం రాయను, కింద కొంచెం తిట్లు కూడా ఉన్నాయి.

ముందు రూటు గురించి. కపిలతీర్థం దగ్గర మొదలై, అలిపిరి మీదుగా జూపార్కు రోడ్డెక్కి, మళ్లీ అదే దారిన వెనక్కి. చీకటితోనే మొదలుపెట్టారు కాబట్టి ఎండ బాధ లేదు, పోయేటప్పుడు కుడిపక్కన కొండ తెల్లారే కొద్దీ బయటపడుతుంటే కాళ్లనొప్పి గుర్తురాదు. అలిపిరి దగ్గర నడకదారి భక్తులు మమ్మల్ని చూసి గోవిందా గోవిందా అని కేకలు. ఒక పెద్దావిడైతే "ఏం మొక్కుకున్నావు నాయనా, ఇట్ల పరుగెత్తతా ఉండావు?" అనింది. బడిలో పిల్లోళ్లకి బాత్రూములమ్మా అంటే "అదీ మొక్కే లే, పో పో" అని చెయ్యూపింది. మెడల్ కన్నా అదే నచ్చింది నాకు.

ఇక కడుపుమంట. పరుగు పెట్టిందే పారిశుద్ధ్యం కోసం, మొదలయ్యే చోట అంతమందికీ కలిపి నాలుగే మొబైల్ టాయిలెట్లు, అందులోనూ కాసేపటికే నీళ్లు ఖాళీ! ఆడవాళ్ల లైను రోడ్డు దాకా వచ్చింది, విజిల్ ఊదే టైముకి చాలామంది ఇంకా అందులోనే నిలబడి టెన్షన్ పడుతున్నారు. ఒక వాలంటీరు కుర్రాడు ఎక్కడినుంచో బకెట్లతో నీళ్లు మోసుకొచ్చి పోస్తున్నాడు, పాపం అతన్నేం అనగలం. దారిలో నీళ్ల స్టాళ్లు సరిపడా ఉన్నాయి, కానీ అన్నీ చిన్న ప్లాస్టిక్ బాటిళ్లే, రెండు గుక్కలు తాగి పక్కకి విసిరేయడమే. పైన కొండమీద ప్లాస్టిక్ బాటిళ్లు మాన్పించి గాజు సీసాలు వాడిస్తుంటే, కింద అలిపిరిలో, అదీ నీళ్ల పేరుతో జరిగే పరుగులో ఇదేం పద్ధతండీ? డ్రమ్ము పెట్టి స్టీలు గ్లాసులిచ్చినా తాగేవాళ్లం.

డబ్బు సంగతి దగ్గర మాత్రం వాళ్లని మెచ్చుకోవాలి. ఎంట్రీ ఫీజు ఆరు వందలు టీషర్టు, మెడల్, టైము లెక్కపెట్టే చిప్పు, టిఫిన్లకే సరిపోతుందని, పనులకి పెట్టేది విడిగా వచ్చే విరాళాలూ స్పాన్సర్ల డబ్బూ అని కౌంటర్లో ఉన్నాయన దాచకుండా చెప్పాడు. ఆ ముక్క రిజిస్ట్రేషన్ అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది, ఎందుకంటే ఫీజు కట్టేశాం, దానం అయిపోయింది అనుకునేవాళ్లే ఎక్కువ. 2004లో మొదలైన ముంబై మారథాన్‌లో చూడండి, పరుగెత్తేవాళ్లు ఏదో ఒక సంస్థ తరఫున తెలిసినవాళ్ల దగ్గర విరాళాలు అడిగి తెస్తారు, పెద్ద మొత్తాలు వచ్చేది అలాగే. ఇక్కడ ఆ ఏర్పాటే లేదు.

నాకు నచ్చని ఇంకో విషయం, వాళ్లు పెట్టిన బోర్డు మీద చేసిన పనుల ఫొటోలన్నీ రిబ్బన్ కటింగులే. మన పాత చిత్తూరు జిల్లాలో కొత్తగా కట్టడం ఒక లెక్క, నడిపించడం ఇంకో లెక్క. నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంటు పెడితే మెంబ్రేన్ (వడకట్టే పొర) మార్చాలి, కరెంటు బిల్లు కట్టాలి, చూసుకునే మనిషికి జీతం ఇవ్వాలి, లేకపోతే తాళమే. స్వచ్ఛ భారత్ కింద 2014 నుంచి ఇంటికి పన్నెండు వేలు ఇచ్చి మరుగుదొడ్లు కట్టించారు, బాగానే ఉంది, కానీ ఒక్కసారి వెళ్లొస్తే రెండు మూడు లీటర్ల నీళ్లైనా కావాలి కదా. కుప్పం, పలమనేరు వైపు వెయ్యి అడుగులు దాటినా బోరులో నీళ్లు పడని చోట్లున్నాయి, బిందెలతో మోసుకొచ్చిన నీళ్లని మరుగుదొడ్లో ఎవరు పోస్తారు? అందులో కట్టెలు పేర్చుకుంటారు. అందుకే మూడేళ్ల కిందట కట్టినవి ఇప్పుడెలా ఉన్నాయో చూపించండి అని ఆ కౌంటర్ ఆయన్నే అడిగాను. ఆయన ఫోన్ తీసి ఒక బడి ఫొటో చూపించాడు: రెండు గుంతల మరుగుదొడ్డి, ఒకటి నిండాక మూసి రెండో దానికి తిప్పారట, మూసింది ఏడాది పైన మాగితే ఎరువైపోతుంది. తలుపు గడియ విరిగితే తాడు కట్టారు, కానీ లోపల తొట్టి నిండా నీళ్లున్నాయి, మగ్గు ఉంది. రిబ్బన్ల బదులు ఈ ఫొటో పెట్టండయ్యా బోర్డు మీద!

టిఫిన్లో ఇడ్లీ ఆరిపోయింది, రాగి అంబలి మాత్రం అదిరింది, మజ్జిగా పచ్చి ఉల్లిపాయా వేసి ఇచ్చారు, రెండోసారి అడిగినా పోశారు. టీషర్టు పాలిస్టర్, చెమట పీల్చదు. టైమింగ్ మెసేజ్ వెంటనే వచ్చింది.

ఐదుకి మూడున్నర ఇస్తా. వెళ్లేవాళ్లు బాత్రూం పని ఇంట్లోనే కానిచ్చుకోండి, నీళ్ల బాటిల్ ఎవరిది వాళ్లు తీసుకెళ్లండి. విరాళం విడిగా ఇస్తే ట్యాక్స్ మినహాయింపు రసీదు (80జి అంటారు) అడగండి, రెండు వేలు దాటితే క్యాష్ వద్దు, మినహాయింపు రాదు, కొత్త ట్యాక్స్ పద్ధతిలో ఉన్నవాళ్లకైతే ఎలాగూ రాదు. బండి కపిలతీర్థం దగ్గర పెట్టకండి, గుడికొచ్చే జనంతో తియ్యలేక చస్తారు.